గోడ పక్కన నిలబడ్డ పిల్ల

జూన్ వచ్చిందంటే మా ప్లేస్కూల్ వాకిట్లో ఒకటే పాట. "వెళ్లమ్మా, వాళ్లతో ఆడుకో. ఎందుకే అంత సిగ్గు?" మూడేళ్ల పిల్ల ఫ్రాకు అంచు నోట్లో కుక్కుకుని గోడకి అతుక్కుపోతుంది. కాళ్లు కదలవు. కళ్లు మాత్రం ఇసుకలో ఆడుతున్న పిల్లల మీంచి పక్కకి రావు. ఎవరు తోస్తున్నారు, ఎవరు బకెట్టు లాక్కుంటున్నారు, ఎవరి పక్కన కూర్చుంటే భయం లేదు, అన్నీ కనిపెడుతుంటుంది. అమ్మకేమో పిల్ల ఊరికే నిలబడ్డట్టు కనిపిస్తుంది.

కొత్తవాళ్లని చూస్తే ఇలా బిగుసుకుపోయే పసివాళ్ల మీద హార్వర్డ్‌లో జెరోమ్ కేగన్ ఏళ్ల తరబడి పనిచేశాడు. ఇందులో పుట్టుకతో వచ్చిన నైజం పాలు చాలా ఉందన్నాడు. కాబట్టి తల్లుల్ని ఆడిపోసుకోవడం ఆపితే మంచిది. ముఖ్యంగా అత్తగార్లు!

నాకు అంతకంటే ఆసక్తి కలిగించింది మినెసోటాలో మెగన్ గన్నార్ బృందం చేసిన పని. ఒత్తిడి కలిగితే ఒంట్లో కార్టిసాల్ పెరుగుతుంది. దాన్ని ఉమ్ములోనూ కొలవొచ్చు, సూది గుచ్చక్కర్లేదు. 1997లో వాళ్లు ప్రచురించిన ఫలితాల్లో, బడి కొత్తలో అది బాగా పెరిగి, అలవాటయ్యాక తగ్గినవాళ్లు ఎవరో తెలుసా? కలుపుగోలు పిల్లలు, తోటివాళ్లు ఇష్టపడేవాళ్లు. అలవాటయ్యాక కూడా ఎక్కువగానే ఉన్నవాళ్లూ, అప్పుడు కొత్తగా పెరిగినవాళ్లూ దిగులుగా, ఒంటరిగా ఉండే పిల్లలు.

అది చదివాక నా చూపు మారింది. మొదటివారం ఏడుపుల్ని చూసి కంగారు పడను. ఆగస్టులో కూడా ఒంటరిగా తిరిగే పిల్లే నాకు బెంగ. అలాంటి పిల్లని గుంపులోకి తోయను, పేరు చెప్పమనీ రైమ్ పాడమనీ అడగను. నీళ్ల టబ్బు దగ్గర నెమ్మదస్తురాలైన ఇంకో పిల్లని కూర్చోబెట్టి, రెండు గ్లాసులు పెడతాను. పలకరింపులు వాళ్లే చూసుకుంటారు, ఒక్కోసారి వారం పడుతుంది.

గెంతుకుంటూ వచ్చేవాళ్ల సంగతీ చూడాలి. ఈమధ్య ఒక నాన్నగారు, "మావాడు మొదటిరోజే అందరితో కలిసిపోయాడండీ" అని మురిసిపోయారు. మర్నాడు వచ్చి, ఇంటికెళ్లాక ప్రతిదానికీ పేచీ పెడుతున్నాడేమిటని అడిగారు. అలిసిపోయాడు, మధ్యాహ్నం కాసేపు ఎక్కువ పడుకోనివ్వండి, ఆదివారం బర్త్‌డే పార్టీ మానెయ్యండి అన్నాను. మొదటిదానికి సరేనన్నారు. రెండోదానికి, గిఫ్టు కొనేశామండీ అన్నారు.