రక్షణ పేరిట దాపరికం: ‘ఫోర్త్ వింగ్’ నవల పునఃపఠనం

వ్యాససంగ్రహం:

అమెరికన్ రచయిత్రి రెబెక్కా యారోస్ రచించిన ‘ఫోర్త్ వింగ్’ (2023) డ్రాగన్ల నేపథ్యంలో సాగే ప్రణయప్రధానమైన ఫాంటసీ నవల. దీనికి కొనసాగింపుగా ‘ఐరన్ ఫ్లేమ్’ (2023), ‘ఓనిక్స్ స్టార్మ్’ (2025) వెలువడ్డాయి. తొలి పఠనంలో ప్రణయకథగా, యుద్ధవిద్యాలయ కథగా కనిపించే ఈ నవల, మలి పఠనంలో చరిత్ర దాపరికాన్ని గురించిన కథగా కనిపిస్తుంది. రాజ్యం, తల్లి, మిత్రుడు, ప్రియుడు వేర్వేరు కారణాలతో నాయికకు సత్యాన్ని దూరం చేస్తారు. ఆ దాపరికాలను నవల ఏ కొలతతో తూచిందో పరిశీలించడం ఈ వ్యాసలక్ష్యం. తులనాత్మక ఆధారాలుగా పింగళి సూరన ‘ప్రభావతీ ప్రద్యుమ్నము’, పల్నాటి వీరగాథ సంప్రదాయం స్వీకరించబడ్డాయి.

కీలకపదాలు: రొమాంటసీ, పునఃపఠనం, కథకురాలి దృష్టికోణం, మౌఖిక చరిత్ర, పల్నాటి వీరగాథ, పింగళి సూరన.

1. ఉపోద్ఘాతం:

ప్రణయాన్నీ ఫాంటసీనీ కలిపిన నవలలకు ఆంగ్ల ప్రచురణరంగంలో ‘రొమాంటసీ’ అనే పేరు స్థిరపడింది. 2023 మేలో వెలువడిన ‘ఫోర్త్ వింగ్’ ఆ శాఖకు విస్తృత పాఠకాదరణ తెచ్చిన నవలల్లో ఒకటి. ‘ది ఎంపిరియన్’ అనే నవలాశ్రేణిలో ఇది మొదటిది. అదే ఏడాది నవంబరులో రెండవ నవల వచ్చింది. కొనసాగింపు చేతికి రాకముందు మొదటి భాగాన్ని మళ్లీ చదవడం ఇటువంటి శ్రేణుల పాఠకులకు అలవాటు. ఆ పఠనం సాధారణంగా పాత్రల పేర్లు, సంఘటనల క్రమం గుర్తుచేసుకోవడానికి పరిమితమవుతుంది. విమర్శకు మాత్రం అది వేరే అవకాశమిస్తుంది. ముగింపు తెలిసిన పాఠకుడు ప్రారంభంలోని ప్రతి మాటనూ ఎవరు, ఎందుకు చెప్పారో అడగగలుగుతాడు.

శ్రేణి నవలల విమర్శలో ఒక చిక్కు ఉంది. మొదటి భాగంలోని లోపాన్ని తరువాతి భాగంలోని వివరణతో సమర్థించడం సులభం. అందువల్ల ఈ పరిశీలన మొదటి నవల పాఠానికే పరిమితం. అది తనంతట తాను ఏం చెప్పింది, ఏ ప్రశ్నను కొనసాగింపుకు వదిలింది అన్నవి మాత్రమే ఇక్కడి చర్చాంశాలు.

2. ఇతివృత్తం, కథనరీతి:

నవార్ రాజ్యానికీ పొరోమియెల్ రాజ్యానికీ శతాబ్దాలుగా యుద్ధం సాగుతుంటుంది. నవార్ పక్షాన డ్రాగన్ రైడర్లు, ప్రత్యర్థిపక్షాన గ్రిఫిన్ల మీద ఎగిరే యోధులు పోరాడతారు. ఇరవై ఏళ్ల వయొలెట్ సోరెన్‌గేల్ తండ్రిలాగే లేఖకవిభాగంలో చేరాలనుకుంటుంది. సేనాధికారి అయిన తల్లి లిలిత్ ఆమెను బలవంతంగా రైడర్ల విభాగంలో చేరుస్తుంది. కీళ్లు సులభంగా తప్పిపోయే శరీరం వయొలెట్‌ది. అక్కడి శిక్షణలో సహాధ్యాయి చేతిలోనైనా చావు రావచ్చు. తిరుగుబాటు నాయకుని కుమారుడు జేడెన్ రియోర్సన్ ఆమెకు మొదట శత్రువు, తరువాత ప్రియుడు. టైర్న్ అనే మహాకాయమైన నల్ల డ్రాగన్, ఆండార్నా అనే చిన్న బంగారువన్నె డ్రాగన్ రెండూ ఆమెనే ఎంచుకుంటాయి. టైర్న్‌కు జేడెన్ డ్రాగన్ స్గేల్ జంట కావడంతో ఆ ఇద్దరి ప్రాణాలూ పరస్పరం ముడిపడతాయి.

నవల దాదాపు మొత్తం వయొలెట్ ఉత్తమపురుషలో, వర్తమానకాలంలో నడుస్తుంది. చివరి అధ్యాయం ఒక్కటి జేడెన్ దృష్టినుంచి సాగుతుంది. గ్రంథారంభంలో ఒక చిన్న ప్రకటన ఉంది. ఈ పాఠాన్ని నవార్ భాషనుంచి ఆధునిక భాషలోకి తెచ్చినది లేఖకవిభాగానికి చెందిన జెసీనియా నీల్‌వార్ట్ అని అది చెబుతుంది. కథ చెప్పేది వయొలెట్ అయినా పాఠకునికి అందేది ఒక లేఖకురాలు పరిష్కరించిన ప్రతి అన్నమాట. జెసీనియా కథలోనూ ఒక పాత్ర. తొలి పఠనంలో అలంకారప్రాయంగా దాటిపోయే ఈ ప్రకటన, ముగింపు తెలిశాక నవల కేంద్రప్రశ్నకు ప్రవేశద్వారమవుతుంది: రాతప్రతిని ఎవరు భద్రపరుస్తారు, ఎవరు మాయం చేస్తారు?

3. కంఠస్థమైన చరిత్ర:

రైడర్ల విభాగంలో చేరదలచినవారు ఎత్తైన ఇరుకు రాతివంతెనను దాటాలి. కాలు జారితే మరణం. వయొలెట్ భయాన్ని అణచుకోవడానికి తాను చదువుకున్న రాజ్యచరిత్రను వల్లెవేసుకుంటూ దాటుతుంది. ఈ సన్నివేశానికి తొలి పఠనంలో రెండు ప్రయోజనాలు: పాఠకునికి కాల్పనిక జగత్తు పరిచయమవుతుంది, నాయిక స్వభావం తెలుస్తుంది. మలి పఠనంలో మూడవది బయటపడుతుంది. ఆమె ప్రాణాన్ని నిలిపిన ఆ పాఠం సత్యాన్ని సగం దాచిన పాఠం. రాజ్యం తన యువతకు నేర్పిన చరిత్రలో అసలు శత్రువు ప్రస్తావనే లేదు.

ఆ శత్రువులు వెనిన్‌లు. భూమినుంచి నేరుగా శక్తిని పీల్చి నేలను నిర్జీవం చేసేవారు. వారి వాహనాలు వైవర్న్‌లు. వయొలెట్‌కు వీరు బాల్యంలో తండ్రి చదివి వినిపించిన జానపద కథల పుస్తకంలోని పాత్రలు మాత్రమే. ఆ పుస్తకం కోసం అడిగినప్పుడు అది విద్యాలయ గ్రంథాలయంలో లేదని తెలుస్తుంది. రాజ్యంలోని గ్రంథాలన్నీ ఉండవలసిన చోట ఒక పిల్లల కథల పుస్తకం లేకపోవడం మొదటిసారి చదివినప్పుడు యాదృచ్ఛికంగా కనిపిస్తుంది. రెండవసారి ఆ ఖాళీయే సాక్ష్యమవుతుంది. రెసన్ వద్ద జరిగిన పోరులో ఆకాశంలోని ప్రాణులకు కాళ్లు రెండే ఉన్నాయని గుర్తించి, అవి డ్రాగన్లు కావని నాయిక గ్రహించగలగడానికి కారణం యుద్ధశిక్షణ కాదు, ఆ కథల పుస్తకమే.

4. నలుగురి దాపరికం:

మళ్లీ చదివినప్పుడు నవలలోని ప్రధాన సంబంధాలన్నీ ఒకే నమూనాలో కనిపిస్తాయి. వయొలెట్‌ను కాపాడుతున్నామనే ప్రతి ఒక్కరూ ఆమె తెలుసుకునే హక్కును కుదిస్తారు. రాజ్యం ప్రజల రక్షణ పేరిట వెనిన్‌ల ఉనికిని దాచింది. తల్లి కుమార్తె భవిష్యత్తును ఆమె సమ్మతి లేకుండా నిర్ణయించింది. బాల్యమిత్రుడు డేన్ ఆమెను బలహీనురాలిగానే చూసి, పారిపొమ్మని పదేపదే ఒత్తిడి చేశాడు. స్పర్శతో ఇతరుల జ్ఞాపకాలను చదవగల తన శక్తిని ఆమె అనుమతి లేకుండా ఆమెమీదే ప్రయోగించాడు. జేడెన్ సరిహద్దుల ఆవల ఉన్నవారికి ఆయుధాలు చేరవేస్తున్న సంగతిని, దాని వెనుకనున్న యుద్ధసత్యాన్ని చివరిదాకా చెప్పలేదు.

వీరిలో డేన్‌కు నవల కఠినమైన శిక్ష విధిస్తుంది. అతడు సేకరించిన జ్ఞాపకమే మిత్రుల మరణానికి దారితీస్తుంది. జేడెన్ దాపరికానికి మాత్రం కారణాలు సమకూరుస్తుంది. అతని వీపుమీది 107 మచ్చలు తిరుగుబాటుదారుల పిల్లల ప్రాణాలకు అతడు పూచీపడిన గుర్తులు. వయొలెట్‌కు తెలిసిన రహస్యం డేన్ స్పర్శతో బయటపడే ప్రమాదమూ ఉంది. ఈ కారణాలు కథాపరంగా బలమైనవే. అయితే వాటి బలంలో ప్రణయాకర్షణ పాలు ఎంత అన్నది మలి పఠనంలో తప్పించుకోలేని ప్రశ్న. డేన్ రక్షణ పాఠకునికి ఊపిరాడనివ్వని దానిగా, జేడెన్ రక్షణ గంభీరమైన త్యాగంగా అనిపించేలా కథనం ముందునుంచే ఏర్పాటై ఉంది.

వయొలెట్ కూడా దాపరికానికి అతీతురాలు కాదు. ప్రత్యర్థుల బలాన్ని తగ్గించడానికి ద్వంద్వపోరుకు ముందే వారికి విషమూలికలు అందేలా చేస్తుంది. తిరుగుబాటుదారుల పిల్లలు నిషేధాన్ని ధిక్కరించి రాత్రివేళ సమావేశమవడం చూసి, ఆ సంగతి ఎవరికీ చెప్పదు. జేడెన్‌తో ఆమె సంబంధానికి పునాది ఈ మౌనమే. ఆండార్నా ఇంకా పిల్ల డ్రాగన్ అన్న రహస్యాన్నీ ఆమె కాపాడవలసి వస్తుంది. రహస్యాన్ని మోయడం గౌరవమా, వంచనా అన్నది సందర్భాన్నిబట్టి మారుతుందని నవల ఈ ఘట్టాల్లో సూక్ష్మంగా చెప్పగలిగింది.

5. సూరన ప్రబంధంతో పోలిక:

ప్రణయం రాజకీయ ప్రయోజనానికి సాధనం కావడం, మానవేతర ప్రాణి ప్రేమికుల మధ్య నిలవడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. 16వ శతాబ్దికి చెందిన పింగళి సూరన ‘ప్రభావతీ ప్రద్యుమ్నము’ హరివంశంలోని కథను ఆధారంగా చేసుకున్న ప్రబంధం. అనుమతి లేనిదే ఎవరూ ప్రవేశించలేని వజ్రపురిని పాలించే వజ్రనాభుని సంహరించడానికి దేవేంద్రునికి ఒక ఉపాయం కావాలి. ఆ రాక్షసుని కుమార్తె ప్రభావతికీ, శ్రీకృష్ణుని కుమారుడు ప్రద్యుమ్నునికీ ప్రేమ కలిగించడం ఆ ఉపాయం. శుచిముఖి అనే హంస ఆ పని నిర్వహిస్తుంది. ప్రద్యుమ్నుడు నటవేషంలో నగరప్రవేశం చేస్తాడు.

రెండు రచనల్లోనూ ప్రేమ వెనుక యుద్ధం ఉంది. భేదం కథనంలో ఉంది. సూరన పాఠకునికి దేవేంద్రుని పథకం మొదటినుంచీ తెలుసు. ఏం జరుగుతుందన్న ఉత్కంఠకన్నా ఎలా జరుగుతుందన్న ఆసక్తి అక్కడ ప్రధానం. శుచిముఖి వాక్చాతుర్యం ఆ ఆసక్తిని పోషిస్తుంది. యారోస్ పాఠకుడు వయొలెట్‌కు తెలిసినంతే తెలుసుకుంటాడు. కాబట్టి జేడెన్ దాపరికం ఆమెకు ఎంత దెబ్బో పాఠకునికీ అంతే దెబ్బ. హంస సమాచారాన్ని చేరవేసే ప్రాణి. డ్రాగన్లు మాత్రం తమ జాతి రహస్యాలను తామే పాలించుకునే ప్రాణులు. డ్రాగన్ మరణిస్తే రైడర్ మరణిస్తాడు, రైడర్ మరణిస్తే డ్రాగన్ సాధారణంగా జీవించగలదు. బంధంలోని ఈ అసమానత డ్రాగన్‌ను వాహనస్థాయినుంచి అధికారస్థాయికి పెంచింది.

6. పల్నాటి వీరగాథ వెలుగులో:

రాతచరిత్రకూ కథకూ మధ్యనున్న సంబంధాన్ని పరిశీలించడానికి పల్నాడు తగిన నేల. నేటి పల్నాడు జిల్లాలో రొంపిచెర్ల, నరసరావుపేట మొదలు గురజాల, మాచెర్లల వరకు బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు పాఠ్యపుస్తకంలోని పేర్లు మాత్రమే కారు. కారెంపూడిలోని వీరుల గుడి వద్ద ఏటా కార్తికంలో వీరుల ఉత్సవం జరుగుతుంది. వీరవిద్యావంతులు ఆ కథను తరతరాలుగా గానం చేస్తూ వచ్చారు. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న ద్విపద ‘పల్నాటి వీరచరిత్ర’ను అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించారు. జీన్ రోగెయిర్ మౌఖిక రూపాన్ని సేకరించి చేసిన అధ్యయనం, ఆంగ్లానువాదం 1982లో గ్రంథంగా వెలువడ్డాయి.

రొంపిచెర్ల ప్రాంతపు విద్యార్థి ‘ఫోర్త్ వింగ్’ చదివినప్పుడు యుద్ధానికి వెళ్లే యువతరం, పెద్దల వైరానికి పిల్లలు చెల్లించే మూల్యం అపరిచితంగా తోచవు. బాలచంద్రుడు రణరంగానికి పోయేముందు మాంచాలను కలుసుకునే ఘట్టంలో ప్రణయం, యుద్ధం ఎదురెదురుగా నిలుస్తాయి. మాంచాలకు భర్త వెళ్లేది ఏ యుద్ధానికో తెలుసు, దాని ఫలం ఏమిటో తెలుసు. తెలిసే వీడ్కోలు పలుకుతుంది. వయొలెట్‌కు దక్కనిది సరిగ్గా ఈ ఎరుకే. ఆమె పోరుకు దిగేదాకా అది ఎవరితో పోరో ఆమెకు చెప్పినవారు లేరు.

పల్నాటి సంప్రదాయం నవలలోని ఒక సరళీకరణను కూడా చూపుతుంది. యారోస్ కాల్పనిక రాజ్యంలో రాతప్రతి అబద్ధం, జానపద కథ నిజం. పుక్కిటి పురాణం అనుకున్నది అక్షరాలా యథార్థమని తేలడంతో సమస్య పరిష్కారమవుతుంది. పల్నాటి విషయంలో అటువంటి సౌకర్యం లేదు. ద్విపదకావ్యం, వీరవిద్యావంతుల గానం రెండూ నిర్మితపాఠాలే. ఒకటి అబద్ధమైనందువల్ల రెండవది నిజం కాదు. గానం చేసేవారి సామాజికస్థానం, వినేవారి అవసరం, పూజాసందర్భం మౌఖికకథకు రూపమిస్తాయి. కథను కేవలం పోయిన సాక్ష్యంగా చూస్తే దాని సొంత స్వరం వినిపించదు. వయొలెట్ తండ్రి పుస్తకానికి నవలలో జరిగినది అదే. అందులో శత్రువును గుర్తించే ఆనవాళ్లు ఉన్నాయి. ఆ కథలను అల్లుకున్న ప్రజలు మాత్రం లేరు.

7. నవల బలం, పరిమితి:

బలహీనమైన శరీరం గల నాయికను చివరికి బలిష్ఠురాలిగా మార్చకపోవడం ఈ నవల సాధించిన విషయాల్లో ముఖ్యమైనది. ఆమె జీనుమీద కట్టుకునే పట్టీలు, కీళ్లకు చుట్టుకునే కట్లు ఆఖరుదాకా ఉంటాయి. మెరుపును ప్రయోగించే శక్తి వచ్చినా నొప్పి పోదు. రచయిత్రికి ఉన్న ఎలర్స్-డాన్లోస్ సిండ్రోమ్ అనుభవం ఈ చిత్రణకు విశ్వసనీయత నిచ్చింది.

పరిమితి మధ్యభాగంలో ఉంది. శిక్షణ, పోటీలు, ప్రణయసన్నివేశాలు విస్తరించిన కొద్దీ చరిత్రప్రశ్న వెనుకబడుతుంది. సరిహద్దు దాడుల్లో కొన్ని తరగతిగది చర్చకు రావడం లేదని గమనించిన నాయిక, లేఖకురాలిగా శిక్షణ పొందిన బుద్ధితో ఆ దారిని వెంటనే పట్టుకోదు. ఆధారాలను వరుసగా పేర్చడం ఆమెకు బాల్యంనుంచీ వచ్చిన విద్య. ఆ విద్యను కథ అవసరమైనప్పుడు మేల్కొలిపి, ఉత్కంఠ అవసరమైనప్పుడు నిద్రపుచ్చింది.

8. ముగింపు:

నవల చివర చనిపోయాడనుకున్న అన్న బ్రెనన్ సజీవంగా కనిపిస్తాడు. రాజ్యం చెప్పిన చరిత్రలో మరో వాక్యం కూలిపోతుంది. వయొలెట్ జేడెన్‌ను ప్రేమిస్తూనే నమ్మలేని స్థితిలో మిగులుతుంది. ఈ స్థితిని నవల తొందరపడి సర్దుబాటు చేయకపోవడం దాని నిజాయితీ. రాజ్యం దాచితే ద్రోహం, ప్రియుడు దాచితే త్యాగం అనే ద్వంద్వప్రమాణాన్ని పాఠకుడు మధ్యభాగంలో అంగీకరించి ఉంటాడు. ఆ అంగీకారాన్ని నాయికే చివరికి తిరస్కరిస్తుంది.

కొనసాగింపు భాగాలను చేపట్టే పాఠకుడు వెంట తీసుకుపోవలసిన ప్రశ్న ఇదే. వంతెన మీద తాను వల్లించిన చరిత్ర అసత్యమని తెలుసుకున్న వ్యక్తి, తరువాత ఎవరి మాటను ఏ ఆధారంతో నమ్మాలి? ప్రేమ ఆ ఆధారం కాజాలదని మొదటి నవల చెప్పింది. జానపదకథ ఒక్కటే చాలదని పల్నాటి గానసంప్రదాయం చెబుతుంది. మాంచాలకు దక్కిన ఎరుక వయొలెట్‌కు ఎంతవరకు దక్కుతుందన్న దానిమీదే ఈ శ్రేణి ప్రణయకథగా కూడా నిలబడటం ఆధారపడి ఉంది.