సుహేలీకి నీళ్లు కావాలి

మొన్న కాకినాడ వైపు వెళ్తూ దారిలో ఒక హోటల్ దగ్గర ఆగాం. వాకిట్లో పాత చెక్క నావను అడ్డంగా కోసి, నిలబెట్టి, అరలు కొట్టి పూలకుండీలు పేర్చారు. ఒళ్లు మండింది. ఈ శీర్షిక చదివేవాళ్లకు నా పాట తెలిసిందే: పాత పనితనం ఎక్కడ కనబడినా దానికో పైకప్పు వేయండి, మ్యూజియంలో పెట్టండి, పిల్లలకు చూపించండి. ఈసారీ అదే రాయాలని కూర్చుంటే సుహేలీ గుర్తుకొచ్చింది.

సుహేలీ బొంబాయిలో పుట్టిన పడవ. ముప్పై రెండడుగుల పొడవు, రెండు తెరచాప కొయ్యలు, ఒళ్లంతా టేకు. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అనే ఇంగ్లిష్ నావికుడు 1960లలో మన వడ్రంగుల చేత కట్టించుకున్నాడు. వాళ్లు బాడిసెతో చెక్కారు, తాడుతో తిప్పే బర్మాతో బెజ్జాలు వేశారు. 1968 జూన్ 14న అతను ఆ పడవలో ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ నుంచి, ఆగకుండా భూమిని చుట్టే పందెంలో ఒంటరిగా బయల్దేరాడు. అట్లాంటిక్‌లోనే పలకల సందుల్లోంచి నీళ్లు రావడం మొదలైంది. సముద్రంలోకి దిగి, ఊపిరి బిగబట్టి, సందుల్లో దూది కుక్కి, పైన రాగిరేకు కొట్టాడు. చుట్టూ తిరుగుతున్న సొరచేపను కాల్చాల్సి వచ్చింది. తర్వాత దానంతటదే దారి పట్టించే చుక్కాని ఏర్పాటూ విరిగిపోయింది. అయినా ఎక్కడా రేవు పట్టకుండా భూమిని చుట్టి 1969 ఏప్రిల్ 22న ఫాల్మత్ చేరాడు. అలా ఒంటరిగా, ఆగకుండా చుట్టివచ్చిన మొదటి మనిషి అతనే. పందెంలో దిగిన తొమ్మిది మందిలో గమ్యం చేరిందీ అతనొక్కడే.

అంత పేరున్న పడవను గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో పెట్టారు. నేను కోరేది అదే కదా! కానీ లోపలి పొడిగాలికి పలకలు ముడుచుకుపోసాగాయి. చెక్క పడవ నీళ్లలో నాని ఉబ్బితేనే సందులు బిగుస్తాయి. ఎండితే నెర్రెలిచ్చిన చెరువే. 2002లో నాక్స్-జాన్‌స్టన్ దాన్ని బయటికి తెచ్చుకుని ఏళ్ల తరబడి బాగుచేసుకున్నాడు. 2018లో ఆ ప్రయాణానికి యాభై ఏళ్లు నిండిన నాడు సుహేలీ ఫాల్మత్‌లో నీళ్ల మీదే ఉంది. అదే ఏడు మన నావికాదళ అధికారి అభిలాష్ టామీ, సుహేలీ నమూనాలో గోవాలో కట్టిన తురీయతో ప్రపంచాన్ని చుట్టే పందేనికి దిగాడు. దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకు తెరచాప కొయ్యలు కూలి, అతని నడుం దెబ్బతింది. పడవ సముద్రంలోనే మిగిలింది. దాన్ని కట్టిన పనివాళ్ల విద్య మాత్రం గోవాలోనే ఉంది.

అందుకే కాకినాడ దగ్గరున్న తాళ్ళరేవు ఊరి సంగతిలో ఈసారి మ్యూజియం అడగను. అక్కడ పడవలు కట్టే వడ్రంగులకు ప్రభుత్వం ముందు ఒక తెరచాప నావకు బయానా ఇవ్వాలి. కట్టాక దాన్ని గోదావరి మొగలో నడపాలి. ఏటా ఒడ్డుకు లాగి సందులు కుక్కే పనీ వాళ్లకే ఇవ్వాలి, కూలి ఆలస్యం చేయకుండా.