పది పాయింట్ల పిల్లాడు

జూన్ నడిమి నుంచి జులై ఆఖరు దాకా ఉత్తర వర్జీనియాలో శనివారం పొద్దున ఏ కాలనీ ఈతకొలను దగ్గరికి వెళ్లినా ఒకటే సందడి. టెంట్లు, మడత కుర్చీలు, డోనట్ల డబ్బాలు, పిల్లల చేతుల మీద మార్కర్‌తో రాసిన ఈవెంట్ నంబర్లు. ఇక్కడి నార్తర్న్ వర్జీనియా స్విమ్మింగ్ లీగ్ 1956లో మొదలైంది. ఇప్పుడు వందకు పైగా జట్లున్నాయి. హెర్న్‌డన్, షాంటిలీ వైపు జట్ల హీట్ షీట్ తిరగేస్తే తెలుగు ఇంటిపేర్లు బాగానే తగులుతాయి. పిల్లల్ని చేర్పించాక తల్లిదండ్రులు కూడా ఏదో ఒక పని నెత్తినేసుకోవాల్సిందే. కొందరు హాట్‌డాగ్‌లు కాలుస్తారు, కొందరు రిబ్బన్లకి స్టిక్కర్లు అంటిస్తారు. నాకు స్టాప్‌వాచ్ పడింది.

టైమర్‌గా లేన్ చివర నిలబడితే పిల్లలు గోడ తాకిన క్షణాన వాళ్ల మొహం అందరికన్నా ముందు మాకే కనిపిస్తుంది. కన్నతల్లి కూడా ఆ క్షణాన్ని ఫోన్ తెరమీదే చూస్తుంది. మొహంలో ఏముందో, దాని వెనకాల చేతులు ఏం చేస్తాయో ఆ రెండు మూడు సెకన్లలోనే తేలిపోతుంది.

ఒక శనివారం పదకొండు పన్నెండేళ్ల మగపిల్లల బ్రెస్ట్‌స్ట్రోక్. మా జట్టులో అందరికన్నా గట్టి ఈతగాడు నా లేన్‌లోనే ఉన్నాడు. ఏడాది పొడుగునా క్లబ్బులో తెల్లవారుజామున ఈదే పిల్లాడు. చూడముచ్చటైన ఈత. అవతలి జట్టువాడు కనురెప్పపాటు ముందు గోడ తాకాడు. మావాడు పైకి చూశాడు, అరచేత్తో నీళ్లని ఫెడీమని కొట్టాడు. పక్క లేన్ పిల్లాడు తాడు మీదుగా చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. మిగతావాళ్లు ఇంకా ఈదుతుండగానే మావాడు గట్టెక్కి, గాగుల్స్ లాగి నేలకేసి కొట్టాడు. అది కూడా కాదు నన్ను బాధపెట్టింది. మా జట్టులోనే ఇంకో పిల్లాడు ఐదో స్థానంలో వచ్చి, ఆయాసపడుతూ "నా టైమ్ ఎంత అంకుల్?" అని పక్క లేన్ టైమర్‌ని అడిగాడు. వాడి జీవితంలోకెల్లా మంచి టైమ్ అది. స్టార్ పిల్లాడు పక్కనుంచి పోతూ, ఆ టైమ్ నేను ఎనిమిదేళ్లప్పుడే కొట్టానన్నాడు. ఆ చిన్నవాడి నవ్వు సగంలోనే ఆగిపోయింది.

కోచ్ చూసింది. చూసి, చేతిలో క్లిప్‌బోర్డు వైపు తల దించుకుంది. ఆమెని తప్పుపట్టలేను. ఈ వేసవి జట్లలో కోచ్‌లంటే చాలాచోట్ల కాలేజీ పిల్లలే, నిన్నమొన్నటిదాకా ఇదే కొలనులో ఈదినవాళ్లు. ఇరవయ్యేళ్ల అమ్మాయి స్టార్ ఈతగాణ్ణి పక్కకి పిలిస్తే, కుర్చీలోంచి వాళ్ల నాన్న లేచొస్తాడు. పైగా అవతల స్కోరు చూస్తే ఢీ అంటే ఢీ.

ఆ స్కోరు సంగతే కాస్త లెక్కకట్టి చూద్దాం. శనివారం మీట్‌లో 52 ఈవెంట్లు: 40 వ్యక్తిగత రేసులు, 12 రిలేలు. వ్యక్తిగత రేసులో మొదటి మూడు స్థానాలకు 5, 3, 1. రిలే గెలిస్తే 5, ఓడితే సున్నా. అంతా కలిపి 420. ఒక్కొక్కరు రెండు వ్యక్తిగత రేసులకు మించి ఈదడానికి వీల్లేదు. అంటే ఎంతటి మొనగాడైనా ఒంటిచేత్తో తెచ్చేది పది పాయింట్లు. ఒక రేసు నుంచి తప్పిస్తే ఐదు పోతాయి, వెనకున్న మనవాడు ఒక మెట్టు పైకి జరిగితే ఎంతో కొంత తిరిగి రావచ్చు కూడా. హోరాహోరీ మీట్ ఆ తేడాతో చేజారొచ్చు, కాదనను. పోనివ్వండి. ఆ పది పాయింట్ల కోసం అరవై డెబ్భై మంది పిల్లల కళ్లముందు ఏం జరిగినా చూడనట్టు ఊరుకోవడం నాకు గిట్టుబాటు బేరంలా కనిపించదు.

ఇక్కడికి గంటా గంటన్నర దూరంలో బాల్టిమోర్. ఒలింపిక్ ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ అక్కడివాడే. పదేళ్ల వయసులో ఒక రేసులో రెండో స్థానం వచ్చిందని గాగుల్స్ పీకి నేలకేసి కొట్టాడని వాళ్లమ్మ డెబీ ఒకసారి చెప్పుకొచ్చింది. ఆవిడ అక్కడికక్కడ రభస చేయలేదు. ఇంటికెళ్తూ కారులో, గెలుపెంతో ప్రవర్తనా అంతేనని చెప్పింది. ఆ తర్వాత తల్లీకొడుకులు ఒక సైగ అనుకున్నారు. గ్యాలరీలోంచి ఆవిడ చేత్తో ఇంగ్లిష్ 'సి' ఆకారం చూపిస్తే, కాస్త నిమ్మళించుకో అని. వాడి కోపం పోవాలని ఆవిడ అనుకోలేదు. వాడు దాన్ని తనంతట తాను పట్టుకోవడానికి ఒక పిడి ఇచ్చింది, అంతే. ఇంకో సంగతి ఏమిటంటే, ఒకసారి వంట చేస్తూ ఆవిడ చిరాకుపడుతుంటే కొడుకు అదే సైగ ఆవిడకీ చూపించాడట!

కోపం వేరు, చులకన వేరు. నీళ్లని కొట్టినవాడు తనమీద తాను మండిపడుతున్నాడు. దానికి కాస్త టైమూ, కాస్త చాటూ ఇస్తే చాలు. నాకు తెలిసిన మంచి కోచ్ ఒకరు పిల్లలకి మూడే మూడు చెబుతారు. ఆఖరివాడు గోడ తాకేదాకా నీళ్లలోనే ఉండాలి. రెండు పక్కలా చేతులు కలపాలి. నేరుగా నా దగ్గరికి రావాలి. ఆ తర్వాత షెడ్డు వెనక్కెళ్లి ఎంతసేపు ఏడ్చినా ఎవరూ అడగరు. ఏడవొద్దని ఆయన ఎవరికీ చెప్పగా వినలేదు. ఓడి ఏడ్చే పిల్లలంటే ఆయనకి ముచ్చట కూడానేమో అని నా అనుమానం.

చులకన అలా కాదు. పక్కవాడి టైమ్‌ని వెక్కిరించడం, రిలే పోతే "నీవల్లే" అని వేలెత్తి చూపడం, నెమ్మదిగా ఈదేవాళ్లని చూసి కిసుక్కున నవ్వడం, వీటికి అదే రోజు, అదే గంటలో జవాబు ఉండాలి. ఉపన్యాసం అక్కర్లేదు. వచ్చే శనివారం ఒక రేసు ఉండదు అనే ఒక్క వాక్యం చాలు. సీజన్ మొదట్లోనే తల్లిదండ్రులకి కాగితం మీద రాసిచ్చిన నియమమైతే, ఇరవయ్యేళ్ల అమ్మాయికి ఎవరితోనూ వాదించే పని పడదు.

ఇక్కడ చాలామంది ఒకటి చేస్తారు, నాకు అసలు నచ్చదు. స్టార్‌ని రిలేలోంచి తీసేస్తారు. దానివల్ల దెబ్బతినేది మిగతా ముగ్గురు. పైగా రిలేలోనే కదా వాడు ఇంకొకడు గోడ తాకేదాకా దిమ్మె మీద నిలబడి ఎదురుచూడాల్సింది! తీసేయాల్సింది వ్యక్తిగత రేసు. అలాగే శనివారం మీట్‌లో చోటు దొరకని పిల్లల కోసం సోమవారం సాయంత్రం జరిగే బి మీట్‌లో ఆరేళ్ల పిల్లల్ని లేన్ల వారీగా వరసలో కూర్చోబెట్టే పని పెద్ద పిల్లలకి అప్పగిస్తుంటారు. మంచి పనే, స్టార్లందరికీ తప్పకుండా వేయాలి కూడా. కానీ శిక్షగా వేశారో, ఆ పిల్లకాయలకి తామే ఒక శిక్ష అని అర్థమైపోతుంది. పిల్లలు ఇలాంటివి ఇట్టే పట్టేస్తారు.

ఇక మన తెలుగు తండ్రులు. రెండో స్థానపు ఎర్ర రిబ్బన్ పట్టుకుని పిల్లాడొస్తే, "సెకండా? ఎంతలో పోయింది? ఆ అబ్బాయి ఏ క్లబ్బు?" అని వరసగా మూడు ప్రశ్నలు. ఎంసెట్ ర్యాంకు వచ్చిన రోజు మన ఇళ్లలో వినిపించిన గొంతే అది, కొలను గట్టున. ఆ తండ్రుల్లో చెడ్డవాళ్లు నాకెవరూ కనిపించలేదు. తెల్లారకముందే లేచి కారు నడిపి, ఫీజులు కట్టి, ఆఫీసు కాల్స్ పార్కింగ్‌లో చేసుకునేవాళ్లు. అయితే పక్కవాడి టైమ్‌ని పిల్లాడి ముందు వాళ్లు తక్కువచేసి మాట్లాడినంత కాలం, కోచ్ ఎన్ని రేసులు తీసేసినా వాడు నేర్చుకునేది కారులో విన్నదే.

పౌరుషం చంపేస్తే ఈత కూడా చస్తుందేమో అని ఒక తల్లి నన్నడిగింది. అమెరికా ఈతగత్తె లిల్లీ కింగ్‌ని గుర్తుచేశాను. 2016 రియో ఒలింపిక్స్‌లో రష్యా ఈతగత్తె యూలియా ఎఫిమోవా డోపింగ్ గొడవలో అందరూ చూస్తుండగా వేలు ఊపి, మాట దాచుకోకుండా, ఆమెని ఓడించి 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ స్వర్ణం పట్టుకుపోయిన మనిషి. అంతటి నోరున్న మనిషే 2021లో టోక్యోలో అదే రేసులో మూడో స్థానానికి జారింది. గెలిచింది అలాస్కా నుంచి వచ్చిన పదిహేడేళ్ల లిడియా జాకొబీ. కింగ్ నీళ్లలోనే ఆ పిల్లని కౌగిలించుకుని, తనే గెలిచినంత సంబరపడింది. నోరూ పౌరుషమూ ఎక్కడికీ పోలేదు.

మా జట్టుకి సీజన్ ఆఖరి విందులో రెండు కప్పులుంటాయి. ఎక్కువ పాయింట్లు తెచ్చినవాళ్లకి ఒకటి, స్పోర్ట్స్‌మన్‌షిప్‌కి ఒకటి. రెండోది ఎప్పుడూ నెమ్మదిగా ఈదే బుద్ధిమంతుడికే వెళ్తుంది. అది చూసిన గట్టి ఈతగాళ్లకి మంచితనమంటే గెలవలేనివాళ్ల ఊరడింపు బహుమతి అనిపించదా? పాయింట్ల జాబితాలో మొదటి పదిమందిలో ఉన్నవాళ్లకే దాన్ని ఇద్దామని ఈమధ్య కమిటీలో అన్నాను. అలాగైతే ఒక్కో ఏడాది ఎవరికీ ఇవ్వలేమేమో అన్నారు. ఇవ్వొద్దు. ఆ ఏడాది కప్పు అలమరాలో ఉంటుంది, ఎందుకుందో పిల్లలే అడుగుతారు.