కుర్చీలో కుక్క, కింద కుక్క

ఈ వారం ఒక కుర్ర పాఠకుడు నా వాట్సాప్‌కి ఓ బొమ్మ పంపాడు. 'పాత కార్టూన్‌ని ఈ కాలానికి మార్చాను, ఎలా ఉందో చెప్పండి సార్' అని కింద రాశాడు. బొమ్మలో ఒక నల్ల కుక్క. కళ్లకి వీఆర్ కళ్లజోడు, కాలికి స్మార్ట్‌వాచ్, ఎదురుగా వంపు తిరిగిన పెద్ద తెర, పక్కన రింగ్‌లైట్. గోడ నిండా ఊదారంగు వెలుగు. ఏఐ చేత గీయించాడని ఆ బొచ్చులో నిగనిగ చూస్తేనే తెలిసిపోతోంది. ఆ అబ్బాయి మీద కాదుగానీ ఆ పని మీద నాకు చాలా కోపం వచ్చింది.

ఆ కుక్క ఎక్కడిదో మీలో చాలామందికి తెలుసు. 1993 జూలై 5 నాటి 'ద న్యూయార్కర్' సంచికలో పీటర్ స్టైనర్ గీసింది. కంప్యూటర్ ముందు కుర్చీ ఎక్కి కూర్చున్న పెద్ద కుక్క, నేల మీంచి తలెత్తి చూస్తున్న చిన్న కుక్కకి ఒక రహస్యం చెబుతుంది. ఇంటర్నెట్‌లో నువ్వు కుక్కవన్న సంగతి ఎవరికీ తెలియదట. అంతే కార్టూన్. ఆ ఏడాది ఏప్రిల్ 30నే సెర్న్ సంస్థ వెబ్‌ని ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. అంటే కార్టూన్ అచ్చయ్యేనాటికి ఆ పత్రిక చదివేవాళ్లలోనే చాలామందికి ఇంటర్నెట్ ముఖపరిచయం లేదు. గీసిన స్టైనర్‌కి కూడా అప్పట్లో దాని మీద ప్రత్యేకమైన ఆసక్తేమీ లేదని ఆయనే తర్వాత చెప్పారు.

నా పాత పట్టుదలలు ఈ శీర్షిక చదివేవారికి కొత్త కాదు. కార్టూన్‌కి నలుపూ తెలుపూ చాలు. కింద మాట ఒక్క ఊపిరిలో అయిపోవాలి. అచ్చయిన కార్టూన్ మీద ఎవరూ, గీసినవారు సైతం, మళ్లీ చెయ్యి వేయకూడదు. ఈ మూడో పట్టుదల నాకు పట్టుకున్న చోటు బెజవాడలో ఒక వారపత్రిక ఆఫీసు.

దీపావళి ప్రత్యేక సంచిక పని నడుస్తోంది. సెల్‌ఫోన్లు కొత్తగా జేబుల్లోకి వస్తున్న రోజులు. పాత కార్టూన్లు తీసి, వాటిలో ఫోన్లని సెల్‌ఫోన్లు చేసేస్తే కొత్తవిగా వేసుకోవచ్చని పైనుంచి హుకుం వచ్చింది. మా ఆర్టిస్టు మాస్టారు నెమ్మదస్తుడు. ఎదురు చెప్పలేదు. ఒరిజినల్స్ కట్ట విప్పి, మొదటి అట్టని టేబుల్ మీద పెట్టుకున్నారు.

అందులో ఒక మేనేజరు రిసీవర్ చెవికి ఆనించుకుని గది చుట్టూ పచార్లు చేస్తూ ఇంటి సంగతులు మాట్లాడుతుంటాడు. రింగులు రింగుల ఫోను తీగ, ఎదురుకుర్చీలో కూర్చున్న గుమాస్తాకి మూడు చుట్లు చుట్టుకుపోయి ఉంటుంది. చేతులు కూడా ఆడవు పాపం. మేనేజరు రిసీవర్‌కి చెయ్యి అడ్డం పెట్టి అడుగుతాడు: 'ఆఁ, సెలవెందుకన్నావోయ్?'

మాస్టారు సన్నబ్రష్షుని తెల్ల పోస్టర్ కలర్‌లో ముంచి, తీగని ఒక్కో రింగే కప్పుకుంటూ వచ్చారు. ఆరాక చూస్తే ఇండియన్ ఇంకు కిందినుంచి బూడిదరంగులో తొంగిచూసింది. మరో పూత వేశారు. తీగ పోయిన చోట గుమాస్తాకి చొక్కా లేదు, ఎందుకంటే ముందు గీసినప్పుడు ఆ మేరకి తీగే గీశారు. క్రోక్విల్ పాళీ అందుకుని బొత్తాలు పెట్టారు, జేబు పెట్టారు. రిసీవర్ చెరిపి సెల్‌ఫోన్ పెట్టారు. అప్పుడు అట్టని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చూశారు. గుమాస్తా కుర్చీలో చేతులు రెండూ ఒంటికి అతికించుకుని, దిక్కులేని చూపు చూస్తూ కూర్చున్నాడు. ఎందుకలా కూర్చున్నాడో చూసేవాడికి తెలిసే దారి లేదు. 'తీగేనయ్యా ఇందులో హాస్యం' అన్నారు మాస్టారు. ఆ బొమ్మ అలాగే అచ్చయింది. పాత బొమ్మ ఆ తెల్లరంగు కిందే ఉండిపోయింది. ఆ బాధ నాకిప్పటికీ పోలేదు.

స్టైనర్ అసలు బొమ్మకి ఆ ప్రమాదం లేదు. 2023 అక్టోబరులో వేలంలో 1,75,000 డాలర్లకి అమ్ముడుపోయింది. మన లెక్కలో కోటీ నలభై లక్షలు పైమాట. దాని మీద తెల్లరంగు పూయడానికి ఎవరికీ చేతులు రావు. కానీ నకలు మీద ఎన్ని చేతులైనా పడతాయి. ఆ అబ్బాయి బొమ్మలో కళ్లజోడూ వాచీ వచ్చి చేరాయిగానీ, హాస్యం వీసమెత్తు కూడా పెరగలేదు. స్టైనర్ గీసిన కంప్యూటర్ ఒక తెర, ఒక కీబోర్డు, అంతే. దానిలో చెరపడానికీ కలపడానికీ ఏమీ లేదు. అక్కడ తీగలాంటిది యంత్రం కాదు, కుర్చీ. కుక్క దాని మీదికి ఎక్కడం.

ఆ సంగతి పట్టుకున్నవారు నాకు తెలిసి ఒకరున్నారు. కామ్రాన్ హఫీజ్. అదే న్యూయార్కర్‌లో, 2015 ఫిబ్రవరి 23 సంచికలో ఆయన కార్టూన్ వచ్చింది. అందులో కుక్కలు రెండూ నేల మీదే ఉన్నాయి. కంప్యూటర్ ముందు కుర్చీలో యజమాని. ఇంటర్నెట్‌లో మనమెవరో ఎవరికీ తెలియని కాలం ఒకటుండేది, గుర్తుందా అని ఒక కుక్క రెండోదాన్ని అడుగుతుంది. ఆ రెండు కార్టూన్ల మధ్య 2013లో స్నోడెన్ బయటపెట్టిన నిఘా భాగోతం ఉంది. ఒకసారి చెప్పుల ధర చూస్తే నెల్లాళ్లు ఏ పేజీ తెరిచినా ఆ చెప్పులే ఎదురయ్యే ప్రకటనలున్నాయి. వాటిలో ఒక్కటీ హఫీజ్ గీయలేదు. కుక్కని కుర్చీ దింపారు, అది చాలింది. నా పట్టుదలకి ఆయన ఒక్కరే మినహాయింపు అని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను.

ఈ వారం అబ్బాయికి జవాబు రాద్దామని కూర్చుంటే ఆ మాట ముందుకి సాగలేదు. హఫీజ్ కార్టూన్ కూడా అప్పుడే పాతబడిపోయింది. మన ఊళ్లలో 'డిజిటల్ అరెస్ట్' పేరుతో ఎంతమంది పెద్దవాళ్లు జీవితకాలం దాచుకున్నది పోగొట్టుకున్నారో రోజూ పేపర్లో చదువుతూనే ఉన్నాం. వీడియోకాల్‌లో ఖాకీ చొక్కా, వెనక గోడకి ఠాణా బోర్డు, బల్ల మీద లాఠీ. ముఖం కనిపిస్తే మోసం ఉండదనుకున్నాం. ఆ ముఖమే ఇప్పుడు మోసానికి పనికొస్తోంది. రెండు నిమిషాల మాట దొరికితే మనవడి గొంతుతో తాతకి ఫోన్ చేయొచ్చు. చిత్రమేమిటంటే రెండు కార్టూన్లూ ఒకేసారి నిజమై కూర్చున్నాయి. మన పేరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా అవతలివాడి చేతిలో ఉంటాయి. అవతల ఉన్నది ఎవరో, అసలు మనిషో కాదో మనకి తెలియదు.

1993లో ఆ కుక్కకి తన సంగతే తప్ప తెర అవతలివాడి ఊసే లేదు. ఆ ఊసు ఇప్పుడు కావాలి. కాబట్టి ఈ కార్టూన్‌ని మళ్లీ గీయాలి. ముట్టుకోకూడదని ఇన్నేళ్లు వాదించిన నేనే అంటున్నాను, మన తెలుగు కార్టూనిస్టులెవరైనా పూనుకుని గీయాలి. ఇలా అయితే ఎలా ఉంటుందని ఆ అబ్బాయికి రాశాను. ఆ గది అదే, కుర్చీ అదే, పాత తెరా అదే. పెద్ద కుక్క కీబోర్డు మీద కాలు వేసి ఎవరితోనో తెగ చాటింగ్ చేసేస్తోంది. ఈసారి నేల మీది చిన్న కుక్క అడుగుతుంది: 'అవతల ఉన్నదీ కుక్కేనంటావా?'

దీనికి ఏఐ అక్కర్లేదు, ఊదారంగు వెలుగూ అక్కర్లేదు. కార్టూన్‌లో మాట ఎవరిదో నోటిని బట్టి పోల్చుకుంటాం. తెరిచిన నోరు ఎవరిదైతే మాట వారిది. మొదటి కార్టూన్‌లో మాట పెద్ద కుక్కది. ఇప్పుడు దాని నోరు మూసి, చిన్నదాని నోరు తెరవాలి. క్రోక్విల్‌తో రెండు గీతల పని. కాకపోతే పెద్దదాని కళ్లు కూడా మార్చాలి. కిందికి చూసే కళ్లు తెర వైపు తిరగాలి, ఆ ప్రశ్న దాని చెవిన పడీ పడనట్టుండాలి. ఆ కళ్లు గీయడమే కష్టం.