ఎనిమిది వేల చుట్లు

అండమాన్‌లోని మా తుష్నాబాద్‌లో ఎలక్ట్రిక్ గిటారు గొంతు పోవడానికి నాలుగైదు వానాకాలాలు చాలు. నైరుతి వెళ్లిందనుకునేలోపే ఈశాన్యం దిగుతుంది. ఏడాదిలో ఏడెనిమిది నెలలు గాలిలో తడి, ఆ తడిలో ఉప్పు. పైన తీగలు తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది, మార్చేస్తారు. తీగల కింద, ప్లాస్టిక్ మూత లోపల పికప్‌కి పట్టిన తుప్పు ఎవరికీ కనిపించదు. గొంతు సన్నబడుతుంది, గరగరలాడుతుంది, ఒకరోజు ఆగిపోతుంది. గిటారే పాడైందని అటకెక్కిస్తారు. మా చుట్టుపక్కల అలా అటకెక్కిన గిటార్లు నాలుగైదు ఇప్పుడు మళ్లీ పాడుతున్నాయి. చర్చిలో ఒకటి, క్రిస్మస్‌కి ఊరంతా వినేలా. వాటిని పాడించిన చేతిపని ఎంత గొప్పదో చెప్పాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

ఆ చేయి గిటారు వాయించేది కాదు. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో విశాఖలో ఓడెక్కి వచ్చి, ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ల మోటార్లు చుట్టుకుంటూ ఇక్కడే స్థిరపడ్డ వైండింగ్ మేస్త్రిది. నా గిటారు బ్రిడ్జి పికప్ చచ్చిపోయినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో, అదే ఇప్పటి శ్రీ విజయపురంలో, అడిగిన చోటల్లా కొత్తది తెప్పించుకోమన్నారు. విసుగెత్తి తెచ్చి ఈయన బల్ల మీద పెట్టాను. మీటరు పెడితే ముల్లు కదల్లేదు. మూత తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటి తమ్ముడూ, అయస్కాంతం ఉంది, రాగి తీగుంది... తిరగని మోటారు కదా ఇది!" అన్నాడు. పికప్ గురించి నేను చదివిన వివరణలన్నీ ఈ ఒక్క మాట ముందు దిగదుడుపే.

నిజంగా అంతే. బాబిన్ మధ్యలో ఒక్కో తీగ కింద ఒక్కో అయస్కాంతపు కడ్డీ, వాటి చుట్టూ ఎనామెల్ పూత పూసిన సన్నని రాగి తీగ. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం చెదురుతుంది, చెదిరిన మేరకు కాయిల్లో ఓల్టేజి పుడుతుంది. ఆ పిసరంత ఓల్టేజే యాంప్‌లో పడి ఉరుమవుతుంది. 1930ల మొదట్లో అమెరికాలో జార్జ్ బీచమ్ అనే హవాయి గిటారు వాద్యకారుడు గుర్రపునాడా లాంటి అయస్కాంతాలతో దీన్ని పని చేయించాడు. రికెన్‌బాకర్ 'ఫ్రయింగ్ పాన్' గిటారు దానితోనే వచ్చింది. మిగతా చరిత్ర పుస్తకాల్లో కావలసినంత ఉంది. గిటారు చెక్క గురించి గంటలు మాట్లాడేవాళ్లతో నాకు పేచీ లేదు. కానీ యాంప్‌కి చెక్క వినపడదు, కాయిల్ చెప్పిందే వినపడుతుంది.

మేస్త్రి భూతద్దం ఇచ్చి చూడమన్నాడు. కడ్డీలు అల్నికోవి. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన ఇనుమే అది, కాబట్టి తుప్పు పడుతుంది. చవక పనిలో తీగను నేరుగా కడ్డీకి ఆనించి చుట్టేస్తారు. నాలుగో కడ్డీ దగ్గర తుప్పు ఉబ్బి, లోపలి మొదటి వరస తీగ మీది ఎనామెల్‌ని కొరికేసింది. అక్కడ ఆవగింజలో సగం లేని పచ్చటి చిలుము చుక్క. ఆ చుక్క దగ్గర తీగ తెగింది. బంగారం లాంటి గిటారును మూగదాన్ని చేసింది ఆ చుక్కే.

పాత తీగంతా కోసేసి, కడ్డీలను గీకి, వాటి చుట్టూ పల్చటి టేపు అంటించాడు. మళ్లీ తుప్పు పట్టినా తీగను తాకకూడదని. నేను చెప్పకుండానే చేశాడు ఆ పని! తర్వాత పాత కుట్టుమిషన్ మోటారుకి బాబిన్ బిగించి, పక్కన చుట్ల లెక్క చూపే మీటరు పెట్టాడు. తీగ 42 గేజ్, 0.063 మిల్లీమీటర్ల మందం, తల వెంట్రుకకి తోబుట్టువు. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పాత ఉన్నిగుడ్డ ముక్క మడిచి అందులోంచి తీగను పోనిచ్చాడు. గట్టిగా పడితే తీగ సాగి తెగుతుంది. వదిలేస్తే చుట్లు వదులై యాంప్ ముందు కీచుమంటాయి. మొదటిసారి మూడు వేలు దాటాక తెగింది. రెండోసారి చివరికొచ్చాక తెగింది. ఆయన విసుక్కోలేదు. గుడ్డ మార్చి మళ్లీ సున్నా నుంచి మొదలెట్టాడు. మూడోసారి 8,000 చుట్లు పూర్తయ్యాయి. ఓమ్‌ల మీటరు పెడితే ముల్లు 6 కిలో ఓమ్‌ల దగ్గర నిలిచింది. అంటే వేలెడంత బాబిన్ మీద కిలోమీటరు పైన తీగ ఉందన్నమాట! ఆపైన మైనంలో కాస్త తేనెమైనం కలిపి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి, 65 డిగ్రీలు దాటనివ్వకుండా అందులో ముంచాడు. దాటితే బాబిన్ వంగిపోతుంది. కాయిల్లోంచి సన్నగా బుడగలు వచ్చి, వచ్చి, ఆగాయి. అవి ఆగాయంటే చుట్ల సందులన్నీ మైనంతో నిండాయన్నమాట. ఇక తడీ దూరదు, కీచూ పుట్టదు.

యంత్రం చుట్టినదానికీ చేత్తో చుట్టినదానికీ తేడా ఏముందని అడుగుతారు. యంత్రం తీగ పక్కన తీగను పేర్చినట్టు చుడుతుంది. మనిషి వేలు అటూ ఇటూ ఊగుతుంది. వరసలు అడ్డదిడ్డంగా పడతాయి, మధ్యలో సందులుంటాయి, పై స్వరాలు మూసుకుపోకుండా గాలాడినట్టు ఉంటాయి. అబిగైల్ ఇబారా 1956లో ఫెండర్ ఫ్యాక్టరీలో చేరి 2013లో విరమించేదాకా పికప్‌లు చుట్టింది. ఆమె చేతి కాయిల్ ఉన్న గిటారు కోసం ఈనాటికీ వెతుకుతారు. స్టేజీ మీద నిలబడిన వాళ్ల పేర్లు అందరికీ తెలుసు. ఆ గొంతు ఇచ్చిన తల్లి పేరు ఎంతమందికి తెలుసు?

మహానుభావులు పికప్‌ని వచ్చింది వచ్చినట్టు ఒప్పుకోలేదు. బ్రయాన్ మే 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే గిటారు మొదలుపెట్టాడు, పాత పొయ్యిగూడు చెక్కతో మెడ చెక్కాడు. పికప్‌లు కూడా మొదట సొంతంగానే చుట్టుకున్నాడు. తీగను పక్కకి లాగినప్పుడు వాటి పలుకు నచ్చక బర్న్స్ కంపెనీ ట్రైసోనిక్‌లు కొని, కీచుమనకుండా వాటిలో ఆరల్డైట్ పోశాడు. క్వీన్ పాటల్లో వినిపించే ఆ గొంతు అదే. ఎడ్డీ వాన్ హాలెన్ గిబ్సన్ గిటారులోని పికప్ పీకి, మైనంలో ముంచి, స్ట్రాటోకాస్టర్ ఆకారపు చెక్కలో బిగించాడు. 1978లో వచ్చిన మొదటి ఆల్బమ్‌తో రాక్ గిటారు దారే మారిపోయింది. సీమోర్ డంకన్ లండన్‌లో ఉన్నప్పుడు రెండు పాత గిబ్సన్ పికప్‌లను మళ్లీ చుట్టి, టెలికాస్టర్‌లో పెట్టి జెఫ్ బెక్‌కి ఇచ్చాడు. 1975 నాటి 'బ్లో బై బ్లో'లో ఆ గిటారు ఏడుస్తుంది. ఏడుస్తుందని ఊరికే అనడం లేదు, వినండి.

ఈ గిబ్సన్ పికప్‌లు హంబకర్ రకానివి. హంబకర్ అవసరం మా ద్వీపంలో తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదేమో. ఇక్కడ కరెంటు చాలావరకు డీజిల్ జనరేటర్లది, పైగా ఇంటింటా ఇన్వర్టర్లు, ట్యూబ్‌లైట్లు. ఒకే కాయిల్ పికప్ ఆ గుయ్యిమనే రొదనంతా పీల్చుకుంటుంది. సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టిన కిటుకు ఇదీ: పక్కపక్కన రెండు కాయిళ్లు, ఒకదానికొకటి ఎదురు, వాటి అయస్కాంత ధ్రువాలు కూడా ఎదురు. బయటి రొద రెండింటిలోనూ పుట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. తీగ పలుకు మాత్రం రెండింటిలోనూ కలిసి రెట్టింపవుతుంది. యాంప్‌ని తోసి రాక్ గిటారు జీర పుట్టించే బలం అక్కడిదే. సింగిల్ కాయిల్ అభిమానులు ఏమన్నా అననీ, హెండ్రిక్స్‌ని నేనూ నెత్తిన పెట్టుకుంటాను, కానీ రాక్ కోసం బ్రిడ్జి దగ్గర ఒక్క పికప్ మార్చే స్తోమతే ఉంటే హంబకరే పెట్టమంటాను. అదీ అల్నికోది, మితంగా చుట్టినది. ఎక్కువ కిలో ఓమ్‌లుంటే ఎక్కువ రాక్ అనే భ్రమ కుర్రాళ్లలో బలంగా ఉంది. చుట్లు పెరిగేకొద్దీ శబ్దం పెరిగే మాట నిజమే, కానీ పై స్వరాలు మొద్దుబారతాయి. డిస్టార్షన్ పెట్టి కార్డు కొడితే ఆరు తీగలూ ముద్దయిపోతాయి. జీర వేరు, బురద వేరు.

పికప్ విలువ మన తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాలా? పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చేసి చూపించలేదా? మామూలు మాండొలిన్‌లో జంట తీగలు, మీటిన మరుక్షణం స్వరం ఆరిపోతుంది. ఆరిపోయే స్వరం మీద గమకం ఎలా పలుకుతుంది? ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు, నాలుగు జంటల చోట ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. పికప్ ఉండబట్టి స్వరం నిలిచింది, నిలిచిన స్వరాన్ని వేలితో లాగి రాగాన్ని పలికించాడు. కర్ణాటక సంగీతంలో ఈ కరెంటు వాద్యమేమిటని మొహం చిట్లించినవాళ్లున్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొమ్మిదేళ్ల పిల్లవాడుగా తొలి కచేరీ చేసి, 1983లో బెర్లిన్ జాజ్ పండుగలో వాయించి, జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన 'రిమెంబర్ శక్తి'లో కూర్చున్నవాడి ముందు ఆ మాటలు నిలవలేదు. 2014లో ఆయన పోయారు. పద్మశ్రీతో సరిపెట్టారు, ఇంకెంతో ఇవ్వాల్సింది. తీగ కింది పికప్ ఏం చేయగలదో తెలియాలంటే రాక్ కుర్రాళ్లు ముందు ఆయన్ని వినాలి.

ఇక పికప్ బిగించే పనిలో పెద్ద రహస్యాల్లేవు, ఓపిక కావాలి. పాత పికప్ వైర్లు విప్పేముందు ఏ రంగు ఎక్కడ అతికిందో ఫోటో తీసుకోండి. హంబకర్‌కి 500 కిలో ఓమ్‌ల వాల్యూమ్ నాబ్ ఉండాలి. సింగిల్ కాయిల్‌కి వాడే 250ది అలాగే ఉంచేస్తే పై స్వరాలు పక్కదారిన భూమిలోకి జారిపోయి, కొత్త పికప్ కూడా దుప్పటి కప్పుకున్నట్టు పలుకుతుంది. చాలామంది ఇక్కడే మోసపోయి పికప్‌ని తిడతారు. సోల్డరింగ్‌లో ముందు లోహాన్ని వేడి చేసి సీసం దానికి తాకించాలి, సీసాన్ని కరిగించి బొట్టు పెట్టకూడదు. ఆఖరున ఎత్తు. తీగను చివరి మెట్టు మీద నొక్కి పట్టి, పికప్‌కీ తీగకీ మధ్య రూపాయి బిళ్ల దూరేంత సందు నుంచి మొదలుపెట్టి, లావు తీగల వైపు కాస్త దించుతూ చెవితో తేల్చుకోవాలి. మరీ దగ్గరకు తెస్తే అయస్కాంతం తీగను పట్టి లాగుతుంది, స్వరం నిలవదు, శ్రుతి వణుకుతుంది. స్క్రూడ్రైవరుతో పావు చుట్టు తిప్పితే గొంతు మారడం మొదటిసారి విన్నరోజు నేను అన్నం మరిచిపోయాను.

ఇక ఒళ్లు మండే విషయం. కిందటేడు ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర పెద్ద పేరున్న పికప్ సగం ధరకు దొరికిందని మురిసిపోయి తెప్పించాను. డబ్బా మీద అల్నికో అని అచ్చు. మేస్త్రి మూత విప్పి చూపించాడు. కడ్డీలు ఉత్త ఇనుపముక్కలు, అడుగున జిగురుతో అంటించిన సిరామిక్ అయస్కాంతపు బిళ్ల. తీగ యంత్రం మీద చుట్టేసిన తుక్కు, మైనం లేదు. స్టిక్కరు మాత్రం అసలుదాని కన్నా అందంగా ఉంది. ఇది దొంగతనం కాక ఇంకేమిటి? జేబు ఖర్చులు దాచుకుని కొనుక్కున్న పిల్లవాడు ఆ గొంతు విని, రాక్ అంటే ఇంతేననుకుని గిటారు పక్కన పడేస్తే ఆ పాపం ఎవరిది? ఇంకో వైపు, పికప్ ఎలాంటిదైనా ఫోన్లో యాప్ అన్నీ సరిచేస్తుందని నమ్మించేవాళ్లు. యాప్ తనకు అందిన గొంతునే తిప్పి ఇస్తుంది. కాయిల్ పట్టుకోని పలుకును ఏ యాప్ తెచ్చిపెడుతుంది?

మా మేస్త్రి కంటిచూపు తగ్గుతోంది. దగ్గర కూర్చుని నేర్చుకునేవాళ్లు లేరు. ఫ్యాన్ కాలితే కొత్తది కొనే రోజులొచ్చి అసలు వైండింగ్ పనే పలచబడింది, ఇక పికప్ మాటెవరు ఎత్తుతారు? చదివేవారిని ఒక్కటే అడుగుతున్నాను. మీ ఊళ్లో వైండింగ్ షాపు ఇంకా తెరిచి ఉంటే, మూగబోయిన సింగిల్ కాయిల్ పికప్ ఒకటి తీసుకెళ్లి ఆ మేస్త్రి చేతిలో పెట్టండి. 42 గేజ్ తీగ కావాలనీ, 8,000 చుట్లనీ, కడ్డీకీ తీగకీ మధ్య టేపు మరవొద్దనీ చెప్పండి. రెండుసార్లు తెగుతుంది. మూడోసారి దాకా ఆగండి.