శ్యేనకపోతీయంలో డేగ వాదం: ఆహారపు గొలుసు దృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం:
మహాభారతం అరణ్యపర్వంలోని శ్యేనకపోతీయం శరణాగతరక్షణకు, త్యాగానికి ఉదాహరణగా ప్రసిద్ధి పొందింది. ఆ కథలో డేగ వినిపించిన వాదానికి తగిన ప్రాధాన్యం దక్కలేదు. ఆ వాదాన్ని ఆహారపు గొలుసు భావనతో పోల్చి, పర్యావరణ విమర్శకు అది చూపే దారిని గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శ్యేనకపోతీయం, ఆహారపు గొలుసు, మత్స్యన్యాయం, పర్యావరణ విమర్శ, రాబందు.

1. ఉపోద్ఘాతం:
జీవులు ఒకదానికొకటి ఆహారమై ముడిపడి ఉండే తీరును చార్లెస్ ఎల్టన్ 1927లో వెలువరించిన ‘ఆనిమల్ ఎకాలజీ’ గ్రంథంలో ఆహారపు గొలుసుగా వివరించాడు. మొక్కలు ఉత్పత్తిదారులు. వాటిని తినేవి ప్రాథమిక వినియోగదారులు. వేటాడే జంతువులు ఆ పై అంచెలో ఉంటాయి. మృతకళేబరాలను తినే ప్రాణులు, విచ్ఛిన్నకారులు ఆ పదార్థాన్ని తిరిగి నేలకు చేరుస్తాయి.

ఈ క్రమం మన ప్రాచీనులకు తెలియనిది కాదు. అయితే పెద్దచేప చిన్నచేపను మింగడాన్ని అర్థశాస్త్రం, శాంతిపర్వం దండనీతి లోపించిన రాజ్యానికి పోలికగా వాడుకున్నాయి. నీటిలో సహజమైన క్రమం రాజనీతిలో ‘మత్స్యన్యాయం’గా, అరాచకానికి గుర్తుగా మారింది. వేటాడే జంతువును దుష్టపాత్రగా చదివే అలవాటు బలపడడానికి ఇదీ ఒక కారణమని భావించవచ్చు.

2. డేగ వాదం:
వ్యాసభారతంలోని ఈ ఘట్టంలో రాజు ఉశీనరుడు. లోకప్రసిద్ధిలో ఈ కథ శిబిచక్రవర్తిది. డేగకు భయపడిన పావురం రాజును శరణు వేడుతుంది. డేగ వచ్చి తన ఆహారాన్ని తనకు విడవమంటుంది. దాని వాదంలో మూడు అంశాలున్నాయి. ఆహారం లేనిదే ఏ ప్రాణీ నిలవదన్నది మొదటిది. తాను మరణిస్తే తన భార్యాబిడ్డలూ నశిస్తారు కనుక ఒక్క పావురాన్ని కాపాడడం అనేక ప్రాణాలను తీయడమే అవుతుందన్నది రెండవది. మరొక ధర్మాన్ని అడ్డగించే ధర్మం ధర్మం కాజాలదన్నది మూడవది. ఇక్కడ డేగ తన బలాన్ని చెప్పుకోలేదు. ఒక ప్రాణి బ్రతుకు మరికొన్నింటి బ్రతుకుతో ముడిపడి ఉందన్న సంబంధాన్ని రాజు ముందు ఉంచింది.

3. రాజు కరుణకు గల పరిధి:
పావురానికి బదులుగా ఎద్దునో, పందినో, లేడినో, దున్ననో ఇస్తానని రాజు అంటాడు. త్యాగాన్ని కీర్తించే వ్యాఖ్యానాలు ఈ మాట దగ్గర ఆగవు. కానీ ఆ కరుణ పరిధి ఇక్కడే తెలుస్తుంది. శరణు కోరి కళ్లెదుటకు వచ్చిన ప్రాణికి రక్షణ దొరికింది. ఎదుట లేని లేడి బదులు ఆహారమైంది. డేగ ఈ బేరానికి ఒప్పుకోదు. డేగలకు పావురాలు ఆహారం కావడం అనాదిగా వస్తున్న నియమమని చెబుతుంది. ఆహారపు గొలుసులో ఒక కొక్కెం స్థానంలో మరొకదాన్ని ఇష్టానుసారం తగిలించలేమన్న ఎరుక ఈ తిరస్కారంలో ఉంది.

తరువాత రాజు తన మాంసాన్నే తూకం వేసి ఇవ్వడానికి సిద్ధపడతాడు. అంతవరకు గొలుసు బయట నిలిచి తీర్పు చెప్పిన మనిషి, తానూ మరొక ప్రాణికి ఆహారమే కాగలనని ఒప్పుకున్న ఘట్టమిది. త్యాగం అన్న ఒక్క మాటతో దీని అర్థం పూర్తికాదు. అయితే చివరకు డేగ ఇంద్రుడిగా, పావురం అగ్నిగా తేలడంతో ఆకలి పరీక్షగా మారిపోతుంది. డేగ లేవనెత్తిన ప్రశ్నకు సమాధానం అవసరం లేకుండా కథ ముగుస్తుంది.

4. రాబందుల ఉదాహరణ:
ఆ ప్రశ్న మన కాలంలో మళ్లీ ఎదురైంది. పశువుల నొప్పి, వాపు తగ్గించడానికి వాడిన డైక్లోఫెనాక్ మందు వాటి కళేబరాల ద్వారా రాబందులలోకి చేరి, మూత్రపిండాలను దెబ్బతీసి చంపుతున్నదని 2004లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. వీపు తెల్లగా ఉండే రాబందు జాతి మనదేశంలో 1992-2007 మధ్య 99 శాతానికి పైగా క్షీణించింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. పశువుకు మందు వేసిన చేతిలో క్రౌర్యం లేదు, ఉన్నది దయే. ఆ దయకు తరువాతి కొక్కెం కనిపించలేదు. ఒకదాన్ని కాపాడబోయి అనేకాన్ని నశింపజేస్తావన్న డేగ హెచ్చరికకు ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ అరుదు.

5. ఒక ఆక్షేపణ:
డేగ వాదాన్ని అంగీకరిస్తే బలవంతుడు బలహీనుణ్ణి పీడించడాన్ని సమర్థించినట్లు కాదా అన్న ఆక్షేపణ రావచ్చు. మత్స్యన్యాయం గురించి ప్రాచీనుల భయం సరైనదే. కానీ డేగ కోరింది తన ఆకలికి సరిపడే ఒక్క పావురాన్ని. తూకంలో కోరినదీ పావురమెత్తు మాంసమే. ఆకలికి ఉన్న ఈ హద్దు ఆధిపత్యానికి లేదు. ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వశేషంలో కనిపించే ధర్మవ్యాధుడి కథ కూడా ఈ చర్చకు తోడ్పడుతుంది. నాగలి కింద ఎన్ని ప్రాణులు నలుగుతాయో చూడమని వ్యాసభారతంలో ఆ వ్యాధుడు చెప్పిన మాట, హింసలేని భోజనం ఉందన్న భ్రమను తొలగిస్తుంది. దానితోపాటు మితం పాటించవలసిన బాధ్యతను తినేవాడిపై ఉంచుతుంది.

6. ముగింపు:
• శ్యేనకపోతీయంలో డేగ వాదం జీవుల పరస్పరాధారతను తెలిపే స్వతంత్రమైన ధర్మచర్చ. రాజు త్యాగానికి నేపథ్యంగా మాత్రమే దానిని చదవడం అసమగ్రం.
• కరుణ ఎదుట ఉన్న ప్రాణి దగ్గర ఆగిపోతే, కనిపించని ప్రాణులకు హాని కలగవచ్చు. రాబందుల క్షీణత దీనిని రుజువు చేసింది.
• తెలుగులో పర్యావరణ విమర్శ ప్రకృతివర్ణనలను, జంతువులపై జాలిని గుర్తించడంతో తృప్తిపడరాదు. ఎవరు ఎవరికి ఆహారం, ఆ సంబంధం తెగితే నష్టం ఎవరికి అన్న ప్రశ్నలతో కావ్యాలను తిరిగి చదవాలి.
• తరగతిగదిలో ఈ కథను బోధించేటప్పుడు రాజు పక్షంతోపాటు డేగ పక్షాన్నీ విద్యార్థుల చర్చకు పెట్టడం అవసరం.