కన్నీళ్ల కవిలె

కొత్త సంవత్సరపు ఆరాధనలో వాగ్దానపు చీటీ తీసుకోవడం తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఉన్న అలవాటు. ఒక్కో చీటీ మీద ఒక వచనం ఉంటుంది. ఆశీర్వాదం, కాపుదల, విజయం, సమృద్ధి, ఇలా ఏదో ఒకటి. 88వ కీర్తన చివరి వచనం మాత్రం ఎవరి చేతికీ రాదు. చీటీలు రాసేవాళ్లే దాన్ని పక్కన పెట్టేస్తారు. అయినవాళ్లంతా దూరమై చీకటి ఒక్కటే తోడు మిగిలిందని చెప్పి, అక్కడే ఆగిపోయే కీర్తన అది. ఏడాది మొదటి రోజున దాన్ని ఎవరు కోరుకుంటారు? కోరుకోనక్కర్లేదు కూడా. కాని కీర్తనల గ్రంథాన్ని కూర్చినవాళ్లు దాన్ని తీసేయలేదు, దిద్దలేదు, చివర ఒక ఊరడింపు మాట అతికించలేదు. మిగిలిన 149 కీర్తనలతో పాటు దాన్నీ ఆరాధనలో పాడుకొమ్మని ఇచ్చారు. కష్టకాలంలో దేవుని మీద ఆనుకోవడం అంటే ఏమిటో తెలియాలంటే చీటీల్లోకి ఎక్కని ఈ కీర్తనల దగ్గరికే వెళ్లాలి. ఎందుకంటే ఆనుకోవడం వాటిలో ఒక మనఃస్థితిగా కనిపించదు. నేర్చుకోవలసిన పనిగా, చేతికి అలవాటు కావలసిన విద్యగా కనిపిస్తుంది.

ఈ రకం కీర్తనలను విలాప కీర్తనలు అంటారు. 20వ శతాబ్దం మొదట్లో జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్ కీర్తనలను రకాలుగా విడదీసి చూపించాక, 150లో సుమారు మూడో వంతు విలాపాలేనన్న మాట పండితుల్లో స్థిరపడింది. వాటికి ఒక కట్టుబాటు ఉంది. ఆరే వచనాలున్న 13వ కీర్తన తీసుకుంటే అది చక్కగా తెలుస్తుంది. మొదటి రెండు వచనాలూ నిలదీతే. ఇంకెన్నాళ్లని హీబ్రూ మూలంలో నాలుగుసార్లు అడుగుతాడు. ఆ నాలుగు ప్రశ్నల్లో దేవుడు మరచిపోయాడన్న బాధ ఉంది, ముఖం దాచుకున్నాడన్న నింద ఉంది, లోపల రోజంతా తినేస్తున్న దిగులు ఉంది, పైచేయి అయిన శత్రువు ఉన్నాడు. తరువాతి రెండు వచనాలు విన్నపం. ఇక్కడ గమనించవలసింది ఆ విన్నపానికి అతడు కారణాలు జోడించడం. నువ్వు పట్టించుకోకపోతే నేను చచ్చిపోతాను, నా శత్రువు సంబరపడతాడు అంటాడు. వకీలు వాదన వినిపించినట్టే ఉంటుంది. ఇక చివరి రెండు వచనాలు తెలుగు బైబిలులో ‘నేనైతే’ అన్న మాటతో మొదలవుతాయి. ఆ ఒక్క మాటతో కీర్తన దిశ మారిపోతుంది. దేవుని కృపను నమ్ముకున్నానని, పాడతానని చెప్పి ముగిస్తాడు.

నాలుగో వచనానికీ అయిదో వచనానికీ మధ్య ఏం జరిగింది? జబ్బు నయమైందని గాని, శత్రువు పారిపోయాడని గాని కీర్తనలో లేదు. మధ్యలో యాజకుడు ఎవరో అభయం పలికి ఉంటాడని యోవాకిం బెగ్రిక్ అనే పండితుడు 1934లో ప్రతిపాదించాడు. అయి ఉండవచ్చు. కాని మన చేతిలో ఉన్న పాఠంలో ఆ అభయం లేదు. మారింది పరిస్థితి కాదు, మాట్లాడుతున్నవాడి నిలకడ. అదైనా మొర పెట్టకుండా రాలేదు. మొరను దాటేసి నేరుగా అయిదో వచనానికి దూకుదామన్న ఆత్రం మన ప్రసంగాల్లో బాగా ఉంది. ఆ ఆత్రంతో చదివితే మిగిలేది రెండు వచనాల ధైర్యవచనం, అంతే.

దీనికి విశ్వాసుల నుంచే వచ్చే ఆక్షేపణ ఒకటుంది. దేవుణ్ని ప్రశ్నించడం అవిశ్వాసం కాదా? అరణ్యంలో ఇశ్రాయేలీయులు సణిగినందుకే కదా శిక్ష పడింది? బైబిలు తెలుగులో సణుగుడు, మొర అని రెండు వేరువేరు మాటలున్నాయి. వాళ్లు తమ గుడారాల్లో కూర్చుని సణుక్కున్నారని ద్వితీయోపదేశకాండం మొదటి అధ్యాయం, 106వ కీర్తన రెండూ చెబుతాయి. అంటే దేవుడి గురించి దేవుడి వెనక మాట్లాడుకున్నారు. మొర పెట్టేవాడు అదే మాట ఆయన ముఖం మీదే అంటాడు. వినేవాడు ఉన్నాడనీ, వినవలసిన బాధ్యత ఆయనకుందనీ నమ్మితే తప్ప ఎవరూ అలా అనలేరు. గోల్కొండ చెరలో రాముణ్ని దెప్పిపొడిచిన రామదాసును భక్తుడు కాదని తెలుగువాళ్లు ఎన్నడూ అనలేదు. చనువు ఎక్కడ ఉంటుందో నిష్ఠూరం అక్కడే ఉంటుందని మనకు తెలుసు. యోబు గ్రంథం ఇంకా స్పష్టంగా తీర్పు చెబుతుంది. స్నేహితులు ముగ్గురూ దేవుడి తరఫున వాదించారు. యోబు దేవుడితోనే వాదించాడు. 42వ అధ్యాయంలో దేవుడు కోపగించింది ఎలీఫజు మీద, అతని ఇద్దరు స్నేహితుల మీద. తన గురించి సరిగ్గా మాట్లాడినవాడు యోబు అన్నాడు. పైగా ఆ ముగ్గురి కోసం ప్రార్థన చెయ్యవలసిన పని కూడా యోబుకే పడింది.

56వ కీర్తన తెలుగు అనువాదంలో కవిలె అనే మాట పడింది. అనువాదకుల్లో అది ఎవరికి తోచిందో గాని, ఇంత తగిన మాట దొరకడం కష్టం. కరణం దగ్గర ఊరి లెక్కల కవిలెకట్ట ఉండేది. అందులోకి ఎక్కితే ఆ లెక్క ఉన్నట్టు, ఎక్కకపోతే లేనట్టు. ఈ కీర్తనలో భక్తుడి కన్నీళ్లు దేవుడి బుడ్డిలోకి చేరుతాయి, దేవుడి కవిలెలోకి ఎక్కుతాయి. ఏడుపు ఆపమని ఎవరూ చెప్పరు. కారిన ప్రతి చుక్కకూ లెక్క ఉందని చెబుతారు.

సరే, మొర పెట్టాక ఎదుగుదల ఎక్కడ? పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో ఒక వరస చెబుతాడు. శ్రమ వల్ల ఓర్పు, ఓర్పు వల్ల పరీక్ష, పరీక్ష వల్ల నిరీక్షణ. ఇక్కడ పరీక్ష అన్న మాటకు మూలంలో ఉన్నది నిగ్గుతేలిన నాణ్యం. బంగారాన్ని కాచి చూశాక తేలే మేలిమి లాంటిది. ఇక నిరీక్షణ. బయట ఈ మాటకు ఎదురుచూపు అని అర్థం, క్రైస్తవుల తెలుగులో ఆశ అని. రెండు అర్థాలూ ఒకే మాటలో ఇమడడం తెలుగు చదువరికి దక్కిన అదృష్టం, ఎందుకంటే పౌలు చెప్పే ఆశ ఎదురుచూస్తేనే గట్టిపడేది. అయితే ఈ వరస యంత్రంలా నడవదు. పౌలు తానే కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదట్లో ఆసియ ప్రాంతంలో తమకు మోయలేని భారం పడిందనీ, బతుకుతామన్న ఆశ కూడా వదులుకున్నామనీ దాపరికం లేకుండా ఒప్పుకుంటాడు. తమ మీద తాము నమ్మకం పెట్టుకోకుండా, చనిపోయినవారిని లేపే దేవుని మీద పెట్టుకోవడానికే అది జరిగిందని ఆ వెంటనే అంటాడు. ఎదుగుదల అంటే ఇదీ. బలం పెరగడం కాదు, భారం మోపే చోటు మారడం. అదే పత్రిక చివర్లో తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నానంటాడు. ముల్లు పోలేదు. అయినా మూడుసార్లు అడగడం తప్పని ఎవరూ అనలేదు.

ఈ విద్య కష్టం వచ్చిన రోజున మొదలుపెడితే పట్టుబడదు. సంప్రదాయానికి ఆ సంగతి తెలుసు. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠానికి రాసిన నియమావళిలో 150 కీర్తనలూ వారంలో ఒకసారి పూర్తి కావాలని పెట్టాడు. ఆ రోజు మనసు సంతోషంగా ఉన్నా సరే, విలాపం వంతు వస్తే విలాపమే పలకాలి. సన్యాసి తనకు కష్టం లేని రోజున ఇంకొకరి కష్టాన్ని పలుకుతాడు, తన రోజు వచ్చేసరికి మాటలు నోటికి వచ్చి ఉంటాయి. 1539లో మార్టిన్ లూథర్, దైవశాస్త్రం చదివేవాడిని తయారుచేసేవి మూడున్నాయని, 119వ కీర్తనే వాటిని చూపిస్తుందని రాశాడు. ప్రార్థన, ధ్యానం, శోధన. మూడోది లేకపోతే మొదటి రెండూ పుస్తకజ్ఞానంగా మిగిలిపోతాయని అతని ఉద్దేశం. 1842లో హయ్యర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషను తెలుగు నేలకు తెచ్చిన వారసత్వంలో ఇదీ ఒక భాగం. లూథర్ దేశమైన జర్మనీలోనే డీట్రిక్ బోన్‌హోఫర్ 1940లో కీర్తనలను బైబిలులోని ప్రార్థన పుస్తకంగా వివరిస్తూ చిన్న పుస్తకం రాశాడు. మూడేళ్లకే జైలుపాలయ్యాడు. 1945 ఏప్రిల్ 9న నాజీలు ఉరితీసేదాకా అతనికి ఆ కీర్తనలే అక్కరకొచ్చాయి.

బయటి నుంచి వచ్చే ఆక్షేపణ మరొకటి. దేవుని మీద ఆనుకొమ్మని చెప్పడం అణగారినవాడిని జోకొట్టడమే అంటారు. మతం ప్రజలకు మత్తుమందని 1844లో మార్క్స్ అన్నది అందరికీ తెలుసు. మతం అణచివేతకు గురైనవాడి నిట్టూర్పు కూడా అని అక్కడే అన్న సంగతి చాలామంది చదవరు. ఆక్షేపణలో నిజం లేకపోలేదు, ఓర్చుకో అన్న మాటను పెత్తనం చేసేవాడు తనకు అనువుగా వాడుకున్న సందర్భాలు చరిత్రలో ఎన్నో. కాని మొర జోలపాట కాదు. నిర్గమకాండంలో విడుదల కథ మొదలయ్యేదే ఇటుకలు చేసే బానిసల మొరతో, ముగిసేది వాళ్లు ఐగుప్తు దాటడంతో. మన దగ్గర 1876–78 కరువు చూడండి. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ప్రార్థనతో సరిపెట్టుకోలేదు. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. ఆ పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని. తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. గంజి కోసమే వచ్చారని ఆనాడే కొందరు అన్నారు, ఇప్పటికీ అంటారు. గంజి కోసమే అయితే ఆ కూలి పని అయిపోయాక రావలసిన అవసరం లేదు. ఎవరూ పట్టించుకోనివాళ్లకు తమ మాట వినేవాడు ఒకడున్నాడని తెలియడం మత్తు కాదు, మెలకువ.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ మూడోది. శ్రమ అందరినీ పెంచదు, కొందరిని విరిచేస్తుంది. ఇది నిజం, దీనికి సమాధానం చెప్పబోవడం యోబు స్నేహితుల పని అవుతుంది. సంప్రదాయం శ్రమను వెతుక్కోమని ఎక్కడా చెప్పదు. శోధనలోకి తేవద్దని అడుక్కోవడమే యేసు నేర్పిన ప్రార్థన. గెత్సేమనేలో ఆ గిన్నె తప్పించమని ఆయనే అడిగాడు. జబ్బు చేస్తే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి, అన్యాయం జరిగితే ఎదిరించాలి, ఆనుకోవడం వీటికి బదులు కాదు. నమ్మితే కష్టం రాదని, వచ్చిందంటే నమ్మకం తక్కువని చెప్పే స్వస్థత వేదికలు మంచాన పడ్డవాడి మీద నేరం కూడా మోపుతున్నాయి. దానికి బైబిలులో ఆధారం లేదు. శుభ శుక్రవారం ఏడు మాటల ధ్యానంలో నాలుగో మాట వంతు వచ్చినప్పుడు ప్రసంగికుడు దాన్ని త్వరగా వివరించి దాటుకోవాలని చూస్తాడు. నా దేవా, నా దేవా, నన్ను ఎందుకు విడిచిపెట్టావు అన్న ఆ మాట 22వ కీర్తన మొదటి వచనం. సిలువ మీద యేసు తన సొంత మాటలు వెతుక్కోలేదు, చిన్ననాటి నుంచి పాడుకున్న విలాపాన్నే అందుకున్నాడు. ఆ మాటకు పైనుంచి జవాబు రాలేదు. మలుపు తిరగని 88వ కీర్తనను పుస్తకంలో ఉంచినవాళ్లకు ఇదంతా ముందే తెలుసేమో అనిపిస్తుంది.

యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చుని ఒక్క మాటా అనలేదు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. చావు జరిగిన ఇంట్లో ఆదరణ కూడిక పెట్టేటప్పుడు సంఘ పెద్దలు ఒక పని చెయ్యండి. వాక్యపరిచర్యకు ముందు 13వ కీర్తన మొదటి వచనం నుంచి చదివించండి, అయిదో వచనం నుంచి కాదు. ఆరు వచనాలూ చదవడానికి నిమిషం పట్టదు.